బదులు నడక

ఏసుబాబు స్కూటరుకి స్టాండు వేసి, పేపరు చంకలో పెట్టుకుని, తూము గోడ మీది దుమ్ము చేత్తో దులిపి కూర్చున్నాడు. కూర్చుంటూ పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఏదో బరువు మోసుకొచ్చి దించినవాడిలా ఉంది ఆ నిట్టూర్పు. ఇంటి దగ్గర స్కూటరు ఎక్కడం, ఇక్కడ దిగడం తప్ప అతను చేసిందేమీ లేదు.

"వెళ్ళొస్తానండీ" అంది కెజియా.

"వెళ్ళిరా. తొందరేం లేదు" అన్నాడు పేపరు విప్పుతూ.

ఆమె కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపి, పమిట చెంగు నడుముకి చుట్టుకుని రన్‌వే మీదికి అడుగుపెట్టింది. తాడేపల్లిగూడెంలో అందరూ దాన్ని రన్‌వే అనే అంటారు. ఎప్పుడో యుద్ధం రోజుల్లో తెల్లదొరలు విమానాల కోసం వేసిన దారి. ఇప్పుడది పొద్దున్నపూట జబ్బు మనుషులు నడవడానికీ, కోతలప్పుడు రైతులు ధాన్యం ఆరబోసుకోవడానికీ పనికొస్తోంది. ఈ వారం ఒక పక్కంతా వడ్లు పోసి ఉన్నాయి. ఒక ముసలాయన వడ్లలో పాదాలు ఈడుస్తూ చాళ్ళు చాళ్ళుగా తిరగేస్తున్నాడు. మంచు ఇంకా విడలేదు.

మొదట కొంతదూరం ఆమెకి తన ఒళ్ళు తనది కానట్టే ఉంటుంది. పిక్కలు పట్టేస్తాయి. ఆ తర్వాత ఎక్కడో, ఎప్పుడో తెలియకుండా ఊపిరి అడుగుతో కలుస్తుంది. ఇక అడుగు ఆమె వేయక్కర్లేదు, దానంతటదే పడుతుంది. రోజంతా తలలో ఒక మూల ఎవరో గోటితో గీరుతున్నట్టు ఉండేది ఆగిపోతుంది. అటునుంచి వస్తున్నవాళ్ళు మంకీ క్యాపుల్లో, శాలువల్లో ముడుచుకుని, చేదు మందు మింగుతున్న ముఖాలతో నడుస్తున్నారు. వాళ్ళు దగ్గరికి రాగానే కెజియా కూడా ముఖం కొంచెం చిట్లించేది. తనకి ఇది హాయిగా ఉందన్న సంగతి ఎవరికైనా తెలిస్తే లాక్కుంటారేమోనని భయం.

షుగరు వచ్చిందని ఏసుబాబుని నడవమన్నది డాక్టరు. అతను సందు మలుపు దాకా పోయి తిరిగొచ్చేస్తాడని కోడల్ని వెంట పంపింది అతని తల్లి ఎలిజబెత్తమ్మ. నాలుగు రోజులు ఇద్దరూ నడిచారు. ఐదోనాడు అతను ఈ తూము మీద కూలబడి, నా బదులు నువ్వు నడిచి రాకూడదూ అన్నాడు, నవ్వులాటకే. ఆమె వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అతను పేపరు ఆఖరి పేజీలో ఉన్నాడు. మర్నాడు ఆ మాట అతను అనాల్సిన పనే లేకపోయింది.

ఇవాళ ఆమె వెనక్కి వచ్చేసరికి ఏసుబాబు చేతిపంపు దగ్గర జేబురుమాలు తడుపుతున్నాడు. దాన్ని మెడకీ చెవుల వెనకా అద్దుకుని, ఆమె చేతికిచ్చి వీపు తిప్పాడు. ఆమె చొక్కా మీద అక్కడక్కడా తడి అద్దింది. తెల్ల కాన్వాసు బూట్లని అతను ఎర్రమట్టిలో అటూ ఇటూ రాశాడు. అది చేసేటప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

చర్చి వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఎలిజబెత్తమ్మ వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని కూర్చుని ఉంది. మిషను స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. కూర్చున్నా వీపు కుర్చీకి ఆనదు. కొడుకు చొక్కా చూసి, పాపం తడిసిపోయాడంటూ రాగిజావ గ్లాసు తనే తెచ్చి ఇచ్చింది. దగ్గరుండి నడిపిస్తున్నందుకు కోడల్ని కూడా ఒక మాట మెచ్చుకుంది. కెజియా గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏసుబాబు రైసుమిల్లులో గుమస్తా. అతను మిల్లుకీ, కూతురు షారోను స్కూలుకీ వెళ్ళాక ఇల్లు అత్తాకోడళ్ళకి మిగులుతుంది. కూరగాయల బండి గుమ్మం ముందుకే వస్తుంది. హెడ్‌మిస్ట్రెస్ గారి కోడలు సంచీ పట్టుకుని బజారు వెంట నడిచిపోవడం బాగుండదని ఎలిజబెత్తమ్మే ఆ ఏర్పాటు చేసింది. మధ్యాహ్నం కెజియా చింతపండు ముందేసుకుని కూర్చుంది. ఈనెలు తీసి, పెంకు గిల్లి, గింజ ఒత్తి పళ్ళెంలో వేస్తోంది. చేతులు పని మీదే ఉన్నాయి. మడిచిన మోకాలు మాత్రం దానంతటది ఊగుతోంది.

"ఆ కాలు ఆపు" అంది ఎలిజబెత్తమ్మ. "చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

కెజియా ఆపింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. లేచి పెరట్లోకి వెళ్ళి, ఆరని బట్టలు తిరగేసి వచ్చింది. ఇంకోసారి లేచి, నిండుగా ఉన్న నీళ్ళ బిందె చూసి వచ్చింది. పోయినేడు సాయంత్రాలు డాబా మీద పచార్లు చేసేది. నెత్తిమీద ఎవరో నడుస్తున్నట్టుందనీ, ఎదురింటి వాళ్ళు చూస్తున్నారనీ అత్తగారు మెట్ల తలుపుకి తాళం వేయించింది.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటమ్మా అది. ఆడమనిషికి కుదురుండాలి" అంది ఎలిజబెత్తమ్మ. కోపంగా అనలేదు. స్కూల్లో పిల్లలకి చెప్పిన అలవాటు మీద అంది.

షారోను నాలుగున్నరకి స్కూలు నుంచి వచ్చి, జంతికల గిన్నె పక్కన పెట్టుకుని, చాప మీద బోర్లా పడుకుని కథల పుస్తకం తెరిచింది. దీపాలు పెట్టేవేళకి కూడా అలాగే ఉంది. పేజీ తిప్పే వేలు తప్ప ఇంకేదీ కదలలేదు. తాడాట ఆడదాం రమ్మని కెజియా పిలిస్తే, ఆ పిల్ల తల్లి ముఖంలోకి జాలిగా చూసి, "ఎందుకమ్మా?" అంది. నిజంగా తెలియకే అడిగింది.

*

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు బంగార్రాజు కళ్ళజోడు సవరించుకున్నాడు. ముందు కుర్చీలో ఏసుబాబు, పక్కన ఎలిజబెత్తమ్మ కూర్చున్నారు. కెజియా తలుపు దగ్గర నిలబడింది.

"నడుస్తున్నారా ఏసుబాబుగారూ?"

"నడుస్తున్నాడండీ" అంది ఎలిజబెత్తమ్మ. "మంచు పడినా మానలేదు. మా కోడలు దగ్గరుండి నడిపిస్తోంది."

"మరి తగ్గాలి కదండీ. పోయినసారి కంటే పెరిగింది."

ఏసుబాబు గోడ మీద మందుల కంపెనీ క్యాలెండరు చూస్తున్నాడు. కెజియా తన కాలి బొటనవేలు చూసుకుంది. డాక్టరు కాసేపు ఆలోచించి, టీచరుగారూ, మీవారికీ ఉండేది, పెద్దబ్బాయికీ వచ్చింది, ఇది మీ ఇంటి రక్తంలో ఉందండీ అన్నాడు. కొంతమందికి ఎంత నడిచినా పక్కవాడికి వచ్చినంత ఫలితం రాదన్నాడు. తర్వాత, ఆయనకి ఈమధ్య చదివింది ఏదో గుర్తొచ్చినట్టుంది, కుర్చీలో కొంచెం ముందుకి జరిగాడు.

"అసలు నడవాలి, ఒళ్ళు కదపాలి అన్న కోరిక కూడా కొంత పుట్టుకతోనే వస్తుందంటున్నారండీ. విదేశాల్లో కవల పిల్లల్ని పెట్టి చూశారట. అచ్చుగుద్దినట్టు పుట్టిన కవలల్లో ఒకడికి పరుగూ ఆటా ఇష్టమైతే రెండోవాడికీ ఇష్టమేనట. ఒకడు కుర్చీ వదలకపోతే రెండోవాడూ అంతేనట. అదే మామూలు కవలల్లో అంత పోలిక ఉండదట, ఒకే ఇంట్లో పెరిగినా."

ఎలిజబెత్తమ్మ కళ్ళజోడు తీసింది. "అయితే బద్ధకం కాదంటారా?"

"అంతా పుట్టుకేనని కాదండీ. కొంత. కొందరి ఒంటికి తిరిగితే హాయి, కొందరి ఒంటికి తిరిగితే కష్టం. అయినా నడక మాత్రం తప్పదండోయ్. ఇష్టమున్నా లేకపోయినా మందు మందే."

ఆ చివరి మాట ఎలిజబెత్తమ్మ చెవికి ఎక్కినట్టు లేదు. ఆమె కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. "మీ నాన్నని బతికినన్నాళ్ళూ సోమరిపోతన్నానురా" అంది మెల్లగా. ఆమె అలా చెయ్యి వేయడం కెజియా ఎప్పుడూ చూడలేదు.

కెజియా ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ అనుకుంది. కొందరి ఒంటికి తిరిగితే హాయి. ఆమె తండ్రి జీవరత్నం కొల్లేటి లంకల్లో సువార్త చెబుతూ గట్ల వెంట తిరిగిన మనిషి. పోయినేడు గవర్నమెంటు వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశాక, కొన్ని ఊళ్ళకి ఆయన పడవ మీద వెళ్ళాల్సి వస్తోంది. పడవలో వెళ్ళిన రోజు ఇంటికొచ్చి చర్చి ఆవరణ చుట్టూ చీకటిపడే దాకా తిరుగుతాడట. తమ్ముడు ఫోనులో నవ్వుతూ చెప్పాడు. కెజియాకి అప్పుడు నవ్వు రాలేదు.

డాక్టరు చీటీ రాస్తున్నాడు. "నడుస్తూ కూడా ఇలా ఉందంటే మందు మార్చాలి. ఇది కాస్త గట్టిది. భోజనం మానేస్తే మాత్రం కళ్ళు తిరిగి పడిపోతారు, జాగ్రత్త. దీనికీ లొంగకపోతే ఇంజక్షన్లేనండీ."

నడవడం లేదండీ. ఆ రెండు మాటలూ కెజియా నాలుక మీదికి వచ్చాయి. వాటి వెనకే తూము గోడ, చేతిపంపు, మంచులో పొడుగ్గా పరుచుకున్న తారుదారి కూడా వచ్చాయి. చెబితే రేపటి నుంచి అది ఉండదు. ఆమె పెదవులు బిగించింది.

మందుల షాపులో ఆ బిళ్ళలు లేవు. సోమవారం సాయంత్రానికి తెప్పిస్తామన్నారు.

*

ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురూ ఏలూరు వెళ్ళారు. షారోను పక్కింట్లో ఉంటానంది. ఏసుబాబు అన్న ఎలీషా ఊరి పక్కనే వట్లూరులో కాలేజీల వైపు కొత్తగా వచ్చిన ఇళ్ళలో ఉంటాడు. రెండు నెలల కిందట అతని కుడికాలు మోకాలి కింద తీసేశారు.

వాళ్ళు వెళ్ళేసరికి ఎలీషా కిటికీ పక్క పేము కుర్చీలో ఉన్నాడు. తోడికోడలు రాజకుమారి అతని పైజమా కాలు మడిచి పిన్నీసు పెడుతోంది. మడత సరిగ్గా రాక విప్పి మళ్ళీ మడిచింది. ఆమె మణికట్లు రెండూ వాచి ఉన్నాయి. రోజుకి ఎన్నిసార్లు లేపి దించాలో కెజియాకి ఆ మణికట్లు చూస్తేనే తెలిసింది.

ఎలిజబెత్తమ్మ కూర్చోకుండానే డాక్టరు చెప్పిన కవలల సంగతి మొదలుపెట్టింది. నీ తప్పేం లేదురా నాన్నా, రక్తంలో ఉందట అంటూ పెద్దకొడుకు తల నిమిరింది. ఎలీషా నవ్వి, "ఈ సంగతి ముందే తెలిస్తే ఎన్ని తిట్లు తప్పేవమ్మా" అన్నాడు.

భోజనాల తర్వాత అతన్ని మంచం మీదికి మార్చడానికి కెజియా సాయం పట్టింది. చంక కింద చెయ్యి వేసి ఎత్తితే అతని బరువంతా ఆమె భుజం మీదికి వచ్చింది. ఏసుబాబు ఒళ్ళు కూడా ఇంతే బరువు, ఇంతే మెత్తన. రాజకుమారి నీళ్ళ కోసం వెళ్ళింది. ఎలీషా దిండుకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు.

"నీకో మాట చెప్పనా కెజియా. కాలు తీశాక వారం రోజులు ఏడ్చాను. తర్వాత ఒకనాడు పొద్దున్నే మెలకువ వచ్చింది. ఇవాళ నన్ను లేచి నడవమనేవాళ్ళు ఎవరూ లేరు కదా అనిపించింది. ప్రాణం ఎంత తేలికపడిందో తెలుసా?" అతను నవ్వబోయి ఆగాడు. "మనిషికి అంతకంటే సిగ్గుచేటు ఉంటుందా అమ్మా?"

కెజియా దుప్పటి అంచు సర్దింది. దుప్పటి కింద ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పల్లంగా ఉంది.

"వాడు నడుస్తున్నాడంటోంది అమ్మ" అన్నాడు ఎలీషా.

కెజియా దుప్పటి అంచు మళ్ళీ సర్దింది.

"వాడు నా తమ్ముడమ్మా" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

తిరుగు రైల్లో ఎలిజబెత్తమ్మ కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడుతోంది. కొల్లేటి వైపు ఆకాశంలో కొంగలు బారు కట్టి పోతున్నాయి. ఏసుబాబు చెప్పులు విప్పి, పాదాలు రెండూ దగ్గరపెట్టి చూసుకుంటున్నాడు. కెజియా చూడటం గమనించి మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు.

*

సోమవారం పొద్దున్న అతను తూము మీద కూర్చోగానే కెజియా కూడా పక్కన కూర్చుంది.

"వెళ్ళవా?" అన్నాడు.

"మీరు లేస్తే లేస్తానండీ."

అతను పేపరు విప్పి, చదవకుండా మడిచాడు. ముసలాయన వడ్లలో చాళ్ళు తీస్తున్నాడు. అవతల నడిచేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వెళ్ళిపోయారు. కెజియా చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాదాలు నేలకి అదిమి కూర్చుంది. ఆ దారి కంటి ఎదురుగా ఉండగా కూర్చోవడం ఆమెకి ఇంట్లో కూర్చోవడం కంటే కష్టంగా ఉంది.

"నేను నడవలేననుకుంటున్నావు" అన్నాడు ఏసుబాబు. "నడవగలను. కాళ్ళు బాగానే ఉన్నాయి. కానీ అడుగు వేస్తే అది నా అడుగులా ఉండదు. వెనకనుంచి ఎవరో నెట్టి వేయిస్తున్నట్టు ఉంటుంది. ఎప్పుడైపోతుందా అని తప్ప ఇంకో ఆలోచన రాదు. అందరికీ అలాగే ఉంటుంది, నేనొక్కణ్ణే ఓర్చుకోలేకపోతున్నానని అనుకునేవాణ్ణి చిన్నప్పటి నుంచీ. నువ్వు నడిచొస్తుంటే చూశాక, కాదని తెలిసింది."

"నాకు కూర్చుంటే అలా ఉంటుందండీ" అంది కెజియా.

అతను ఆమె వైపు తిరిగాడు. "ఎలా?"

"మీరు చెప్పినట్టే. ఎవరో పట్టుకుని నొక్కినట్టు. ఎప్పుడు లేస్తానా అని తప్ప ఇంకేం తోచదు."

"మనింట్లో కూడా?"

"మనింట్లోనేనండీ."

ఏసుబాబు పేపరు తూము మీద పెట్టి, దాని మీద చిన్న రాయి ఉంచి, లేచాడు. ఇద్దరూ నడిచారు. ఆమె తన కాళ్ళని పట్టి ఉంచి అతని పక్కనే మెల్లగా నడిచింది. వడ్ల రాశుల చివరిదాకా వెళ్ళేసరికి అతని ముఖం పాలిపోయింది. చొక్కా తడిసింది. ఇవాళ చేతిపంపుతో పని లేకపోయింది. కానీ తూము దగ్గరికి వచ్చాక, రోజూ ఇలా నావల్ల కాదు కెజియా అన్నాడు. అబద్ధం చెప్పడం లేదని ఆమెకి తెలుసు. రేపు మళ్ళీ కూర్చుంటాడు. తనూ మళ్ళీ ఒక్కతే నడుస్తుంది. నడిచిన ప్రతి పొద్దునా అతని కాలి లోంచి కొంచెం తీసుకుని నడిచినట్టే.

ఆ సాయంత్రం ఏసుబాబు మిల్లు నుంచి వస్తూ బిళ్ళలు తెచ్చాడు. ఎలిజబెత్తమ్మ అట్టని బైబిలు మీద పెట్టి చిన్న ప్రార్థన చేసుకుంది. ఒక బిళ్ళ ఒత్తి అరచేతిలో వేసుకుని, భోజనానికి ముందు వేసుకోమన్నారుగా అంటూ కొడుకు దగ్గరికి వచ్చింది. కెజియా కంచాలు పెడుతోంది.

"ఆ బిళ్ళ వేయకండి అత్తయ్యగారూ."

"ఏం?"

"ఆయన నడవలేదండీ. ఆయన బదులు నేను నడిచాను."

ఎలిజబెత్తమ్మకి మొదట అర్థం కాలేదు. కెజియా కంచం చేత్తో పట్టుకునే, గొంతు పెంచకుండా అంతా చెప్పింది. తూము, పేపరు, తడి రుమాలు, బూట్లకి పూసిన మట్టి. నడవకపోయినా నడిచాడనుకుని రాసిన మందు అది, దానివల్ల ఆయనకి ఏమైనా అయితే తనదే పాపం అంది. చాప మీద షారోను పుస్తకం లోంచి తలెత్తింది. "నిజమేనమ్మా" అన్నాడు ఏసుబాబు నేల చూస్తూ.

ఎలిజబెత్తమ్మ చేతిలో బిళ్ళని మళ్ళీ అట్టలో పెట్టబోయింది. అది పట్టలేదు. ఒక కాగితం ముక్క వెతికి, పొట్లం కట్టి, అట్ట పక్కన పెట్టింది.

"వాణ్ణి గోడ మీద కూర్చోబెట్టి నువ్వు తిరుగుతున్నావన్నమాట" అంది.

వెళ్ళమన్నది తనేనని ఏసుబాబు చెప్పబోయాడు.

"నువ్వూరుకో నాన్నా. నీ సంగతి డాక్టరుగారు చెప్పారుగా. నీ ఒంట్లో లేదది, మీ నాన్న పోలిక. నిన్ను అని ఏం లాభం. బుద్ధి ఉండాల్సింది ఈవిడకి. ఇంట్లో కాలు నిలవదు, అందుకని మొగుడి జబ్బు అడ్డం పెట్టుకుంది."

కెజియా కంచం కింద పెట్టింది. తను చేసింది తప్పేనని ఆమెకి తెలుసు. ఇంకా పెద్ద మాటలు పడటానికి సిద్ధపడే అంతా చెప్పింది. కానీ ఆ మాటల్లో ఒకటి ఆమెకి మింగుడుపడలేదు.

"ఆయనది పుట్టుకైతే నాదీ పుట్టుకే కదండీ" అంది.

క్లాసులో చెయ్యెత్తకుండా సరైన జవాబు చెప్పేసిన పిల్లని చూసినట్టు చూసింది ఎలిజబెత్తమ్మ. ఆ జవాబుకి మార్కులు వేయలేదు. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళేదాకా పాత మందే వేద్దామంది. రేపటి నుంచి కొడుకుతో తనే వెళతానంది. "నువ్వు ఇంట్లో ఉండు" అంది.

*

మంగళవారం పొద్దున్న ఎలిజబెత్తమ్మ శాలువా కప్పుకుని, స్కూటరు వెనక నిటారుగా కూర్చుని వెళ్ళింది. కెజియా గేటు వేసి లోపలికి వచ్చింది. ముంగిలి ఊడ్చింది. ముగ్గు వేసింది. వరండా తడిగుడ్డ పెట్టి, ఆరకముందే మళ్ళీ పెట్టింది. వంటింట్లోంచి గేటు దాకా, గేటు దగ్గర్నుంచి వంటింట్లోకి వస్తూ పోతూ ఉంటే, షారోను పళ్ళు తోముకుంటూ "ఏం వెతుకుతున్నావమ్మా?" అంది. డాబా మెట్ల దగ్గరికి వెళ్ళి తాళం కప్ప చేత్తో పట్టుకుని చూసింది. చల్లగా ఉంది.

ఏసుబాబు నిజంగా తడిసిన చొక్కాతో వచ్చాడు. మడమ దగ్గర బొబ్బ లేచింది. ఎలిజబెత్తమ్మ ఆ బొబ్బకి మందు రాస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అయినా రేపు కూడా నడవాల్సిందేనంది. అతను జావ తాగుతూ గ్లాసు మీదుగా భార్య వైపు చూశాడు. ఏదో అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది.

బుధవారం కూడా వాళ్ళిద్దరే వెళ్ళారు. కెజియా పాలు కాచి, షారోనుకి ఇచ్చి, కూర తరగడానికి కత్తిపీట వాల్చుకుని కూర్చుంది. ఒక వంకాయ తరిగింది. రెండోది చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. ఇలాగే షారోను పెళ్ళికెదుగుతుంది. ఇలాగే అత్తగారు ఇంకా ముసలిదవుతుంది. డాక్టరు మందు మారుస్తాడు, మళ్ళీ మారుస్తాడు. తను ఇదే పీట మీద, ఈ మోకాలిని ఈ చేత్తోనే నొక్కి పట్టుకుని ఉంటుంది. ఎవరూ తనని కొట్టలేదు. తిండికి లోటు చేయలేదు. ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి, నాకు ఏ జబ్బూ లేదు, నడవమని రాయండి అని అడిగే దారి కూడా లేదు.

వంకాయ ఉప్పునీళ్ళలో వేసి, కత్తిపీట మడిచి గోడకి ఆనించింది. పొయ్యి కట్టేసింది. తలుపు గడియ వేసుకోమని షారోనుకి చెప్పి, చెప్పులు తొడుక్కుని గేటు తీసింది.

సందు చివర గేదె పాలు పితుకుతున్న వెంకటనరసమ్మ తలెత్తి చూసింది. "పొద్దున్నే ఎక్కడికమ్మగోరూ, ఒక్కరే?"

"నడకకండీ."

"అయ్యో, మీకూ వచ్చిందా షుగరు?"

"లేదండీ."

"బీపీయా?"

"అదీ లేదండీ" అంది కెజియా.

వెంకటనరసమ్మ చేతులు పొదుగు మీదే ఆగిపోయాయి. ఇంకేదో జబ్బు చెబుతుందేమోనని చూస్తోంది. కెజియా ముందుకి నడిచింది. మార్కెట్ యార్డు పక్కన ఉల్లిపాయల లారీలు దించుతున్నారు. హమాలీలు బస్తాలతో అడ్డం వస్తుంటే ఆగి, తప్పుకుని, మళ్ళీ నడిచింది. కాళ్ళు ఎవరినీ అడగకుండా తమ దారిన తాము పోతున్నాయి.

రన్‌వే చేరేసరికి ఎండ పొడ పడింది. తూము గోడ మీద ఎలిజబెత్తమ్మ శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. చాలా దూరంలో, అవతలి చివరి నుంచి తిరిగి, ఏసుబాబు చిన్నగా కనబడుతున్నాడు. తల వంచుకుని, ఒక్కొక్క అడుగూ తీసి పెట్టుకుంటూ వస్తున్నాడు.

ఎలిజబెత్తమ్మ ఆమెని చూసింది. శాలువా భుజం మీంచి జారినా సర్దుకోలేదు. కెజియా కూడా ఆమెని చూసింది. దగ్గరికి వెళ్ళి ఏదైనా చెప్పాలా అనుకుని, ఒక్క క్షణం నిలబడింది. చెప్పడానికి ఉన్నది సోమవారం నాడే చెప్పేసింది. కుచ్చిళ్ళు పైకి దోపుకుని తారు మీదికి నడిచింది. వెనకనుంచి పిలుపు వస్తుందని వీపంతా చెవులు చేసుకుంది. పిలుపు రాలేదు. వచ్చినా ఆగుతుందో ఆగదో ఆమెకే తెలియదు.

పిక్కలు పట్టేసి వదిలాయి. ఊపిరి కుదురుకుంది. ఎదురుగా ఏసుబాబు పెద్దవాడవుతూ వస్తున్నాడు. ముఖం చెమటతో మెరుస్తోంది. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ఆమెని గుర్తుపట్టి ఆగబోయి, ఆగితే మళ్ళీ కదలలేనని కాబోలు ఆగలేదు. ఆమె వెనక దూరంగా, నిలబడి చూస్తున్న తల్లి వైపు చూశాడు. మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"ఇంకా ఎంత దూరం ఉంది?" అన్నాడు.

అతను అడుగుతున్నది తూము దాకానో, ఇంకెక్కడి దాకానో. కెజియా తన ముందున్న దారి చూసింది. అతను నడిచి వచ్చిన దారంతా అలాగే మిగిలి ఉంది. ఎవరి కోసమో ముఖం చిట్లించడం ఆమె మరిచిపోయింది.

"చాలా ఉందండీ" అంది నవ్వు ముఖంతో.

ఏసుబాబు "అబ్బా" అన్నాడు. అని, తూము వైపు నడిచాడు. ఆమె అవతలి వైపు నడిచింది.